ఒక పూట విహారము: ఆదుర్రు దిబ్బ, అంతర్వేది తీరము
(గోదావరి మండల పంచాయతీ సభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో మనము సాధారణముగా రోడ్లు, మురుగుకాలువలు, మంచినీరు, వీధిదీపములు మున్నగువానిని గురించి ముచ్చటించుచుందుము. నేడు మేము విహారమును గురించి మాటలాడుటకు వచ్చితిమి. విహారమునకును పంచాయతీకిని సంబంధమేమని మీలో కొందరికి తోచవచ్చును. సంబంధము మిక్కిలి దగ్గరిది. కార్తికమాసమున వనభోజనములకు, మాఘమాసమున సముద్రస్నానమునకు మన గ్రామములనుండి బండ్లు బయలుదేరుచునే యున్నవి. బడిపిల్లలను, మహిళాసంఘముల సభ్యులను, వృద్ధులను ఎవరో ఒకరు కూడగట్టుకొని పోవుచునే యున్నారు. పర్వదినములు గడచిన మరునాడు స్నానమునకు దిగి మునిగిపోయిన యువకుల వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. మరియొకవైపు, మన తాతముత్తాతలనాటి కట్టడముల శిథిలములు ఊరి ప్రక్కనే ఉండియు, అవి ఏమియో తెలియక మనము వానిని తొక్కుకొని పోవుచున్నాము. విహారమును బాగుగా ఏర్పాటు చేసినచో ప్రాణములు నిలుచును, చరిత్రయు నిలుచును. ఈ రెండును పంచాయతీ చేతిలోని పనులే. కనుక కోనసీమలో ఒక్క పూటలో ముగింపదగిన ఒక యాత్రను ఉదాహరణగా గైకొని, దానికి కావలసిన సంగతులను మీ ముందుంచుచున్నాము.

వేడినీటి ఊటలు, వెచ్చని సముద్రము

లోకమున పలుచోట్ల జనులు వేడినీటి స్నానమును, ప్రాచీన శిథిలముల దర్శనమును ఒకే యాత్రలో ముగించుకొందురు. బీహారులోని రాజగృహమునందు వైభారగిరి పాదమున వేడినీటి కుండములు గలవు. అదే కొండపైన ప్రథమ బౌద్ధసంగీతి జరిగినదని చెప్పబడు సప్తపర్ణి గుహ గలదు. స్నానమునకు వచ్చినవారు గుహను, గుహను చూడవచ్చినవారు కుండములను దర్శించి పోవుదురు. తుర్కియే దేశమున పాముక్కలే అనుచోట హియెరాపోలిస్ అను ప్రాచీన నగరపు శిథిలములు వేడినీటి ఊటల నడుమ నున్నవి. అచ్చటి ఒక మడుగులో పడిపోయిన పాలరాతి స్తంభముల నడుమ జనులు ఈదుదురు. ఆ స్థలమును 1988 సంవత్సరమున ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చిరి.

మన గోదావరి మండలమున ఇట్టి ఊటలు లేవా యని అడుగవచ్చును. గోదావరి ఒడ్డున ఉన్నవి, కాని సముద్రతీరమున లేవు. భద్రాచలమునకు సమీపమున నదీతీరమునగల గుండాల గ్రామములో ఇసుకను త్రవ్వినచో వేడినీరు ఊరును. ఆ గ్రామము 2014 సంవత్సరమున ఆంధ్రప్రదేశమున చేరినది. ఈ వేడికి కారణమును గూర్చి రెండు మాటలు చెప్పెదము. భూమిలోనికి లోతుగా పోయినకొలది వేడిమి హెచ్చును. సాధారణముగా ప్రతి కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగును. వాననీరు రాతిపొరల పగుళ్ళలోనుండి లోతునకు ఇంకి, అచ్చట కాగి, మరియొక పగులు దొరికినచోట వేగముగా పైకి వచ్చును. ఆ నీరు చల్లారకమునుపే నేలమీదికి చేరిన చోటు వేడినీటి ఊట యగును. భద్రాచల ప్రాంతమున గోదావరి పారు లోయ పూర్వయుగములలో భూమి పగిలి దిగబడినందున ఏర్పడినది. కనుక అచ్చట నీటికి త్రోవ దొరికినది.

ధవళేశ్వరమునకు దిగువనున్న మన డెల్టా సంగతి వేరు. ఇది నది వేలకొలది సంవత్సరములు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. రాతి పగుళ్ళు ఈ మట్టికి చాల అడుగున కప్పబడి యున్నవి. అందుచేత కోనసీమలో వేడినీటి ఊట కొరకు వెదకుట వృథాశ్రమ. అయినను మనకు కొరత లేదు. బంగాళాఖాతపు పైనీరు మన తీరమున ఏడాది పొడవునను సుమారు 26 మొదలు 30 డిగ్రీల వరకు వెచ్చగా నుండును. చలిదేశములవారు కట్టెలు కాల్చియో, విద్యుచ్ఛక్తి వెచ్చించియో కొలనులోని నీటికి తెచ్చుకొను వెచ్చదనమును సూర్యుడు మనకు ఉచితముగా ఇచ్చుచున్నాడు. పుష్య మాఘమాసముల ప్రాతఃకాలమున గట్టుమీద చలి వేయుచున్నను నీటిలో దిగినవెంటనే హాయి కలుగుట మీ అందరికిని అనుభవమే. ఆ వెచ్చని నీరు మన స్నానఘట్టము. ఆదుర్రు దిబ్బ మన ప్రాచీన శిథిలము. ఈ రెంటిని కలిపినదే మేము చెప్పదలచిన ఒక పూట యాత్ర.

ఆదుర్రు దిబ్బ

ఆదుర్రు గ్రామము మామిడికుదురు మండలమున, వైనతేయ గోదావరికి పశ్చిమపు గట్టున గలదు. 2022 ఏప్రిల్ నెలలో ఏర్పడిన కోనసీమ జిల్లాకు ఇది చెందును. కొబ్బరితోటల నడుమనున్న ఇటుకల దిబ్బను స్థలజనులు చిరకాలము మరియొక పేరుతో పిలుచుకొనుచుండిరి. అది బౌద్ధస్తూపమని వారెరుగరు. 1953 సంవత్సరమున త్రవ్వకములు జరిగిన పిమ్మట దాని స్వరూపము బయలుపడినది. నేడది భారత పురాతత్వ సర్వేక్షణ శాఖవారి రక్షణలో నున్న స్థలము.

అచ్చట చూడదగినది ఏమి? ఎత్తైన గోపురములు, చెక్కిన స్తంభములు ఉండునని తలచి పోయినవారు నిరాశ చెందుదురు. చూచుట తెలిసి పోయినవారు సంతోషింతురు. ముందుగా మహాస్తూపపు పునాదిని చూడవలెను. అది బండిచక్రము వలె కట్టబడినది. నడుమ కుంభము, దానినుండి నలుదెసలకు ఆకులవలె సాగిన ఇటుకగోడలు, వానిని చుట్టి బయటి వలయము కనబడును. గోడల నడుమనున్న ఖాళీలను మట్టితో నింపి, దానిపైన అండాకారమున స్తూపమును లేపుట ఆంధ్రదేశపు శిల్పుల పద్ధతి. ఇందువలన ఇటుక తక్కువ పట్టును. పైబరువు నలువైపులకు సమముగా పంచబడును. మెత్తని ఒండ్రునేలలో ఇల్లు కట్టువారికి పునాది ఎంత కష్టమో తెలియును. అట్టి నేలలో బరువైన కట్టడమును నిలువబెట్టిన తాపీవారి తెలివిని మన పిల్లలకు చూపవలెను. ఇట్టి చక్రపు పునాదులు నాగార్జునకొండలోను బయలుపడినవి.

తరువాత నాలుగు దిక్కులను ముందుకు చొచ్చుకొని వచ్చిన వేదికలను గమనింపవలెను. వీనిని ఆయకవేదికలందురు. ఇవి ఆంధ్రస్తూపముల ప్రత్యేక లక్షణము. ఉత్తరదేశమున సాంచివంటి స్తూపములకు తోరణద్వారములుండగా, మన అమరావతి, నాగార్జునకొండలవలె ఇచ్చటను ఆయకవేదికలున్నవి. పరిసరములందు చిన్నస్తూపముల యడుగులు, భిక్షువుల నివాసముల అవశేషములును గలవు. అశోకచక్రవర్తి పుత్రిక సంఘమిత్ర సింహళమునకు పోవుచు ఇచ్చట ఆగినదని, స్తూపమునకు పునాది వేసినదని ఊరివారు చెప్పుకొందురు. ఇది జనశ్రుతి. పిల్లలకు చెప్పునప్పుడు జనశ్రుతి యనియే చెప్పవలెను.

ఇంత మారుమూల లంకలో బౌద్ధులు ఆరామమును ఏల కట్టిరి? ఆనాటికి ఇది మారుమూల కాదు. నది మొగ సమీపమున నున్నందున సరకుల పడవలకు ఇది రాకపోకల త్రోవ. కృష్ణాతీరమున ఘంటసాల, వంశధారాతీరమున శాలిహుండము, విశాఖపట్టణమునకు సమీపమున సముద్రమునకు ఎదురుగా బావికొండ, తొట్లకొండ ఇట్టివే. వర్తకులు దానమిచ్చిరి, భిక్షువులు బాటసారులకు నీడనిచ్చిరి. ఓడలలో సరకులతోపాటు బోధనలును సముద్రము దాటినవి. ఇంత చరిత్రను ఆ ఇటుకల వరుసలు మనకు మౌనముగా చెప్పుచున్నవి.

ఒక్కొక్క ఇటుక విలువ

ఇక పంచాయతీ సభ్యులు ముఖ్యముగా వినవలసిన మాట. పాతదిబ్బలను ఇటుకల గనులుగా వాడుకొనుట మన దేశమున పాతరోగము. 1797 సంవత్సరమున మెకంజీ దొర అమరావతికి వచ్చినప్పుడు, కొత్తపట్టణపు నిర్మాణమునకై దిబ్బను త్రవ్వి రాళ్ళను తరలించుచుండుట చూచెను. చెక్కడపు పలకలు కొన్ని సున్నపుబట్టీలకు పోయినవి. మిగిలినవానిలో పెక్కు నేడు లండనులోను, చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోను ఉన్నవి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలును రోడ్లకు, కాలువపనులకు ఉపయోగపడినవి. అయినను దిబ్బ నడిబొడ్డు మిగిలినందున, 1892 సంవత్సరమున అలెగ్జాండర్ రీ దొర అందులో ధాతుకరండములను కనుగొనెను. ఆ కరండములపైనున్న అక్షరములు నేడు దక్షిణదేశపు లిపుల చరిత్రకు తొలిమెట్టుగా ఎన్నబడుచున్నవి. మనము వ్రాయు తెలుగు అక్షరముల పూర్వరూపములను వెదకువారు మొదట ఆ కరండములనే చూతురు. ఆ నడిబొడ్డును సైతము ఎవరైన బండిలో వేసికొని పోయియుండినచో మన అక్షరముల పుట్టుక మనకు తెలియకపోయెడిది.

అంతర్వేదిలో 2020 సెప్టెంబరు నెలలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము షెడ్డులో కాలిపోయినది. భక్తుల మనసులు కలతపడినవి. ప్రభుత్వము క్రొత్తరథమును చేయించగా 2021 సంవత్సరపు కల్యాణోత్సవములకది కదలినది. కొయ్య తెచ్చి, వడ్రంగులను పిలిచి, కొన్ని నెలలలో రథమును చేయగలిగితిమి. ఆదుర్రు దిబ్బలో ఒక గోడ పోయినచో దానిని ఏ మేస్త్రీయు మరల చేయజాలడు. క్రొత్త ఇటుక పేర్చవచ్చును గాని, రెండువేల యేండ్ల సాక్ష్యము మరల రాదు. కూర్చుండి తిన్న కొండలైనను తరుగునందురు. ఒక్కొక్క ఇటుక పోయినచో దిబ్బయు అట్లే తరుగును.

ఇందుకు చట్టములున్నవి. రక్షిత స్థలమును చెరచినవారికి 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము ననుసరించి రెండేండ్ల వరకు కారాగారశిక్ష గాని, లక్షరూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2010 సంవత్సరపు సవరణచే రక్షిత స్థలపు హద్దునుండి 100 మీటర్ల లోపల క్రొత్త కట్టడములు నిషేధింపబడినవి. దానికి ఆవల మరి 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు. ఇంటికి అనుమతి కోరుచు పంచాయతీకి వచ్చిన దరఖాస్తు ఈ దూరములలో పడుచున్నదా యని మొదట చూడవలసినవారు మీరే. అనుమతి ఇచ్చిన పిమ్మట గోడ లేచును. లేచిన గోడను కూల్చవలసివచ్చినచో నష్టపడునది పేదకుటుంబము. ముందే చెప్పినచో ఆ నష్టమును, ఆ కన్నీటిని తప్పింపవచ్చును.

పొలము దున్నునప్పుడు నాణెములు, విగ్రహములు, శాసనపు రాళ్ళు దొరకుట మన జిల్లాలలో అపూర్వము కాదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలెను. దాచినవానికి శిక్ష. తెలిపినవానికి చట్టప్రకారము రావలసిన హక్కు దక్కును. ఈ సంగతిని గ్రామసభలో ఒక్కమారు చదివి వినిపించినచో చాలును. బంగారము కరగించువాని యింటికి పోవు నాణెము ప్రదర్శనశాలకు పోవును.

అంతర్వేది తీరము

ఆదుర్రునుండి తాటిపాక, రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి సుమారు గంట ప్రయాణము. వశిష్ఠ గోదావరి సముద్రమున కలియు చోటిది. నేటి స్వామివారి ఆలయమును కొపనాతి కృష్ణమ్మ కట్టించెననియు, 1823 సంవత్సరమున అది పూర్తియైనదనియు చెప్పుదురు. మాఘశుద్ధ దశమిరాత్రి కల్యాణము, భీష్మ ఏకాదశినాడు రథోత్సవము, మాఘపూర్ణిమనాడు చక్రస్నానము జరుగును. సంగమమున అన్నాచెల్లెళ్ళగట్టు అను ఇసుకతిన్నె నదిని, కడలిని వేరుచేయుచు కనబడును. దీపస్తంభమును ఇచ్చట చూడదగినది.

ఈ తీరపు సొంపును వర్ణించుట మా ఉద్దేశము కాదు. అది మీరెరిగినదే. ఇచ్చటి నీరు ఎట్లు కదలునో చెప్పుట మా ఉద్దేశము. అలలు ఒడ్డునకు నీటిని మోసికొని వచ్చును. వచ్చిన నీరు మరల సముద్రములోనికి పోవలెను గదా? అది ఇసుకలో పల్లము దొరికినచోట ఒక సన్నని కాలువగా ఏర్పడి, వేగముగా లోనికి పారును. ఆ కాలువలో చిక్కిన మనిషిని అది నీటి అడుగునకు లాగదు. ఒడ్డునుండి దూరముగా తీసికొని పోవును. వాడు భయపడి ప్రవాహమునకు ఎదురీది, అలసి, మునిగిపోవును. ఎక్కువ మరణములకు ఇదే కారణము. విచిత్రమేమనగా, ఈ కాలువ ఉన్నచోట అలలు తక్కువగా విరుగును, నీరు ప్రశాంతముగా కనబడును. తెలియనివారు అదియే మంచిచోటని దిగుదురు. ఇరువైపుల నురుగు లేచుచుండగా నడుమ నల్లగా, నిలకడగా కనబడు నీటిని నమ్మరాదు.

అందులో చిక్కినవాడు ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. కొలదిదూరములో ప్రవాహపు బలము తగ్గును. అంతట అలలతోపాటు ఒడ్డునకు రావచ్చును. ఈత రానివాడు వెల్లకిల తేలి, చేయి పైకెత్తి సహాయము కోరవలెను. ఈ ఒక్కమాటను ప్రతి బడిపిల్లవానికి కంఠస్థము చేయింపవలెను.

నది మొగలో ప్రమాదము మరింత హెచ్చు. పోటువేళ సముద్రపు నీరు నదిలోనికి ఎక్కును. ఆటువేళ నదినీరును, ఎక్కిన సముద్రపునీరును కలిసి బయటికి దూకును. అప్పుడు మోకాలిలోతున నిలిచినవాని కాలికింది ఇసుకయు జారిపోవును. అమావాస్య, పూర్ణిమలకు ఆటుపోట్లు బలముగా నుండును. మన సముద్రస్నానపు పర్వములు పెక్కు ఆ తిథులలోనే వచ్చుట గమనింపదగినది. జనము హెచ్చుగా దిగు దినమే నీరు బలముగా లాగు దినము. కనుక ఆ దినములలో కాపలా రెట్టింపు కావలెను. ఆటుపోట్ల వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుచుండును. నిన్న ఉదయము నిలకడగానున్న నీరు నేడు అదేవేళకు అట్లే యుండునని తలపరాదు. ఇసుకతిన్నెలును ఏటేట జరుగుచుండును. నిరుడు మనము దిగినచోటు ఈయేడు లోతుగా నుండవచ్చును. ఈ మార్పుల నెరిగినవారు మత్స్యకార సోదరులు. తీరమునకు పోయినవెంటనే పల్లిపాలెపు పెద్దలలో ఒకరిని అడిగి, వారు చూపినచోటనే దిగవలెను. వారి మాటను మీరిన చదువు చదువు కాదు.

ఒక పూట ఏర్పాటు

యాత్రకు కార్తికము మొదలు మాఘము వరకు అనుకూలకాలము. అయినను కార్తికమాసము తుపానుల కాలము గనుక, బయలుదేరుటకు ముందు రోజు వాతావరణశాఖవారి హెచ్చరికను తప్పక వినవలెను. తీరమున హెచ్చరిక యున్నచో యాత్రను మానుకొనవలెను. బండికి కట్టిన బయానా పోయినను పోనిండు.

ఉదయము 6 గంటల 30 నిమిషములకు ఆదుర్రు చేరునట్లు బయలుదేరవలెను. రాజమహేంద్రవరమునుండి వచ్చువారు తెల్లవారుజామున 4 గంటలకే బండి ఎక్కవలసియుండును. శిథిలములను ముందు చూచుటకు కారణము గలదు. ఉదయపు ఏటవాలు ఎండలో ఇటుకల వరుసల నీడలు స్పష్టముగా పడి చక్రపు రూపము కంటికి ఆనును. మధ్యాహ్నపు ఎండలో అంతయు ఒకే మట్టిరంగుగా కనబడును. పిల్లలను నాలుగు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క దిక్కునగల ఆయకవేదిక వద్ద నిలిపి, చక్రపు ఆకులను లెక్కింపుమని చెప్పవలెను. గోడల పైకెక్కుట, ఇటుకపై పేర్లు గీయుట, ముక్కను గుర్తుగా జేబులో వేసికొనుట కూడదు. ఒకటిన్నర గంట అచ్చట గడపి, తేలికైన ఫలహారము చేసి, 8 గంటలకు కదలవలెను.

9 గంటల ప్రాంతమున అంతర్వేది చేరి స్వామివారి దర్శనమైన పిమ్మట స్నానమునకు పోవచ్చును. నీటిలో అరగంట మొదలు ముప్పావుగంట చాలును. పదుగురికి ఒక పెద్దవారు చొప్పున కాపరులుండవలెను. వారు స్నానము చేయరాదు, సెల్‌ఫోను చూడరాదు, పిల్లలను లెక్కించుటయే వారి పని. నడుములోతునకు మించి ఎవరును పోరాదు. మద్యము సేవించినవానిని నీటివద్దకు రానీయరాదు. స్నానము ముగిసిన పిమ్మట తలలు లెక్కపెట్టి, తీరమునకు దూరముగా నీడలో భోజనము చేసి, మధ్యాహ్నము 12 గంటలకు తిరుగు ప్రయాణము. సాయంత్రపు పొలముపనికి, పశువుల మేతకు ఎవరికిని ఆటంకము కలుగదు.

వెంట తీసికొని పోవలసిన వస్తువులు ఖరీదైనవి కావు. పొడవైన కొబ్బరి మోకు ఒకటి, మూతలు బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు రెండు, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి ఉన్నచో చాలును. మునుగుచున్నవానిని చూచి ఈతగాడు వట్టిచేతులతో దూకినచో ఒక ప్రాణమునకు రెండు ప్రాణములు పోవచ్చును. తేలెడి వస్తువును ముందు విసరవలెను. ఒడ్డునకు తెచ్చినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పొట్ట నొక్కుట, గిరగిర త్రిప్పుట మన పల్లెలలో వాడుక. ఇందువలన మేలు లేదు, విలువైన నిమిషములు పోవును. వెల్లకిల పరుండబెట్టి, ఊపిరి ఆడనిచో నోటిద్వారా ఊపిరి ఊది, రొమ్మునడుమ 30 మారులు నొక్కి, మరల రెండుమారులు ఊపిరి ఊదుచు, వైద్యసహాయము వచ్చువరకు మానకుండ చేయవలెను. అదేవేళ మరియొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. సముద్రములో కొట్టుకొనిపోయినచో తీరరక్షక దళమువారి 1554 సంఖ్యకు తెలుపవలెను. ఈ ప్రథమచికిత్సను అగ్నిమాపక సిబ్బందిచేతనో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచేతనో ఊరికి పదిమందికైన నేర్పించుట ఒక పూట పని.

పంచాయతీ చేయదగిన పనులు

తీరమునగాని, శిథిలముల చెంతగాని ఉన్న పంచాయతీలకు మా విన్నపములు కొన్ని గలవు. స్నానమునకు తగినచోటును మత్స్యకారులతో సంప్రదించి నిర్ణయించి, రెండువైపుల ఎర్రజెండాలు నాటింపవలెను. దిగరానిచోట పెద్ద అక్షరములతో తెలుగులో హెచ్చరిక పలక పెట్టవలెను. ఎందరు మరణించిరో వ్రాయుటకంటె ఎచ్చట దిగవలెనో వ్రాయుట మేలు. పర్వదినములలో ఈత తెలిసిన యువకులకు కూలి యిచ్చి కాపలా నియమింపవలెను. స్త్రీలు తడిబట్టలు మార్చుకొనుటకు మరుగు, మరుగుదొడ్లు, త్రాగునీరు ఏర్పరుపవలెను. మన రాష్ట్రమున పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఈ విషయమున సోదరీమణుల మాట ముందు వినవలెను. చెత్తను ఇసుకలో పూడ్చక తిరిగి తెచ్చునట్లు చూడవలెను.

ఆదాయమును గురించియు ఆలోచింపవచ్చును. యాత్రికుడు వచ్చినచో కొబ్బరిబొండము అమ్ముకొనువాడు, ఆటో నడపువాడు, పడవవాడు, భోజనము వండిపెట్టు మహిళాసంఘము నాలుగు రూపాయలు కండ్ల చూతురు. ఆత్రేయపురపు పూతరేకులు ఒక యూరి ఆడవారి చేతిపని. నేడు వానిపేరు తెలియని తెలుగువారు లేరు. అట్లే ఆదుర్రు ప్రక్క ఊళ్ళకును తమదైన వస్తువొకటి ఉండవచ్చును. అయితే సొమ్ముకొరకు దిబ్బ అంచున దుకాణములు వేయించినచో, పాలకొరకు ఆవునే కోసినట్లగును. దుకాణములు హద్దుకు ఆవల, బండ్లు నిలుపుచోట ఉండవలెను.

శిథిలములు లేని పంచాయతీలును ఈ సభలో నున్నవి. అట్టివారు తమ ఊరిలో ఏమియు లేదని తొందరపడి చెప్పకుందురు గాక. ఆదుర్రు ఊరివారికిని 1953కు పూర్వము తమ దిబ్బ ఏమియో తెలియదు. పిఠాపురమునకు సమీపమున కొడవలిలో శాతవాహనుల కాలపు శాసనము దొరికినది. కామవరపుకోట మండలమున గుంటుపల్లిలో కొండను తొలిచిన చైత్యగృహమున్నది. పెదవేగి ఒకప్పుడు వేంగీరాజుల రాజధాని. బిక్కవోలు పొలముల నడుమ తూర్పుచాళుక్యుల గుళ్ళున్నవి. మీ ఊరి చెరువుగట్టున బోర్లపడియున్న రాతిని ఒకమారు త్రిప్పి చూడుడు. అక్షరములున్నచో కడిగి, సున్నము పూయక, ఉన్నచోటనే యుంచి పురాతత్వశాఖకు జాబు వ్రాయుడు. మీ గ్రామమునగల పాతదిబ్బలు, శాసనములు, వీరగల్లులు, పాతబావుల జాబితాను వ్రాయించి పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకమున భద్రపరచుడు. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఒక ఉపాధ్యాయుడును, ఇద్దరు వృద్ధులును, ఒక నెల ఆదివారములును చాలును.

సోదరీసోదరులారా! రాబోవు గ్రామసభలో మూడు తీర్మానములు చేయుడని మేము కోరుచున్నాము. మొదటిది, యాత్రకు పోవు ప్రతి బండిలో మోకు, డబ్బాలు, ఈత తెలిసిన కాపరి ఉండవలెనని. రెండవది, గ్రామపు హద్దులలోని ప్రాచీనావశేషములకు జాబితా వ్రాయవలెనని. మూడవది, ఏడాదికొకమారు బడిపిల్లలను పంచాయతీ పక్షమున ఒక పూట యాత్రకు తీసికొనిపోవలెనని. ఉదయము రెండువేల యేండ్లనాటి ఇటుకను చూచి, ప్రొద్దెక్కువేళ వెచ్చని కడలిలో మునిగి, మధ్యాహ్నమునకు క్షేమముగా ఇల్లు చేరిన పిల్లవాడు పెద్దవాడై మీ కుర్చీలలో కూర్చుండునప్పుడు, ఏ దిబ్బను కాపాడవలెనో, ఏ నీటికి జంకవలెనో అతనికి మరియొకరు చెప్పనక్కరలేదు. బయలుదేరిన పిల్లలందరును తిరిగి రావలెను. చూచిన ఇటుకలన్నియు ఉన్నచోటనే ఉండవలెను. ఈ రెండు లెక్కలును సరిపోయిన నాడు ఆ యాత్ర సఫలమైనదని మీ పుస్తకమున వ్రాసికొనుడు.